బ్రాయికి పిలిచారా? పిల్లల పళ్లెం సంగతి ముందే తేల్చుకోండి

దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా, సెంచూరియన్ వైపు కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి ఎప్పుడో ఒకప్పుడు ఆ పిలుపు వస్తుంది. పిల్లాడి క్లాస్‌మేట్ ఇంటి నుంచో, పక్కింటి ఆఫ్రికానర్ల (ఆఫ్రికాన్స్ మాట్లాడే అక్కడి తెల్లవాళ్ల) నుంచో: శనివారం ఒంటిగంటకి బ్రాయికి రండి. బ్రాయి అంటే ఆరుబయట కట్టెల నిప్పుల మీద మాంసం కాల్చుకుని తినే విందు. ఒంటిగంట అన్నారు కదా అని పిల్లల్ని ఖాళీ కడుపుతో తీసుకెళ్తే ఏడుపులే. ఆ వేళకి మొదలయ్యేది కట్టెలు పేర్చడం. మాంసం పళ్లెంలోకి వచ్చేసరికి మూడున్నర దాటినా ఎవరూ కంగారుపడరు. నిప్పు చుట్టూ నిలబడి కబుర్లు చెప్పుకోవడానికే కదా పిలిచింది. చిన్నపిల్లలకి ఇంట్లోనే కాస్త పెరుగన్నం పెట్టి బయల్దేరండి.

‘బ్రింగ్ అండ్ బ్రాయ్’ అన్నారంటే మాంసం, పానీయాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. సలాడ్, మొక్కజొన్న సంకటి (అక్కడ పాప్ అంటారు), దానిలోకి టమాటా ఉల్లిపాయల కూర సాధారణంగా ఇంటివాళ్లే చూస్తారు. ఏం తేవాలో అడిగితే తప్పు పట్టరు. పెద్దవాళ్లకి మనిషికి 300 నుంచి 400 గ్రాముల మాంసం, పిల్లలకి అందులో సగం లెక్కేసుకుంటే సరిపోతుంది.

అసలు చిక్కు బూరవోర్స్ దగ్గర వస్తుంది. చుట్ట చుట్టి పొడవుగా ఉండే ఈ సాసేజ్ లేకుండా బ్రాయి ఉండదు. స్కూల్లో ఆటల పోటీలకీ, విరాళాల సేకరణకీ బన్నులో పెట్టి అమ్మేదీ ఇదే. అక్కడి చట్టం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే కనీసం 90 శాతం మాంసం ఉండాలి, కొవ్వు 30 శాతం మించకూడదు, ఆ మాంసం కూడా ఆవు, గొర్రె, మేక, పంది జాతులదే అయ్యుండాలి. ఎక్కువగా వాడేది బీఫ్. పంది మాంసమో, పంది కొవ్వో కలపడం మామూలే. పైతొడుగు కూడా జంతువు పేగే కావచ్చు. కాబట్టి ‘సాసేజే కదా’ అని పిల్లల్ని వదిలేయకండి. బీఫ్, పోర్క్ వద్దనుకునే ఇళ్లు అట్ట మీద పేరు కాకుండా, వెనకాల రాసిన పదార్థాల జాబితా చదవాలి. చికెన్‌తో చేసిన సాసేజ్‌లు విడిగా దొరుకుతాయి.

తినాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఏదైనా సరే, పిల్లలు ఒక్క ముక్కలో చెప్పగలిగేలా ఉండాలి: ‘మేం బీఫ్ తినం, థాంక్యూ టానీ.’ ఆఫ్రికానర్ పిల్లలు పెద్దవాళ్లని పేరుపెట్టి పిలవరు. మగవాళ్లని ఊమ్ అనీ, ఆడవాళ్లని టానీ అనీ అంటారు. అంకుల్, ఆంటీలకి అలవాటుపడ్డ మన పిల్లలకి ఇది పెద్ద కష్టం కాదు. వద్దన్న పిల్లల్ని సాధారణంగా ఎవరూ బలవంతపెట్టరు. కానీ ‘ఛీ, అది తింటారా’ అని మనవాళ్లు కారులో అన్న మాట, పిల్లల నోట అక్కడ ఇంగ్లీషులో బయటికొస్తుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడే నోరు అదుపులో పెట్టుకోవడం మంచిది.

నిప్పు మీద మాంసం కాల్చే ఇనుప జాలీ మాత్రం మీదే పట్టుకెళ్లండి. రెండు రెక్కలు మూసి గొళ్లెం పెట్టే జాలీలు ఏ సూపర్‌మార్కెట్లోనైనా ఉంటాయి. మాంసం అంటుకోదు, తిప్పడం తేలిక, ఒకే జాలీ మీద బీఫ్ పక్కన మీ చికెన్ కాలే ఇబ్బంది ఉండదు. శాకాహారులైతే పనీరు, పొట్టుతీయని మొక్కజొన్న కండెలు, ఫాయిల్‌లో చుట్టిన చిలగడదుంపలు. అన్నిటికన్నా నమ్మకమైనది బ్రాయిబ్రూకీ: బ్రెడ్డు మధ్య చీజ్, టమాటా, ఉల్లిపాయ, కాస్త పండ్ల చట్నీ పెట్టి, బయట వెన్న రాసి సన్నని నిప్పు మీద కాలుస్తారు. దీన్ని చివర్లో, మాంసం కాలిన జాలీ మీదే వేయడం అలవాటు. అందుకే ముందే మీ జాలీ చేతికిచ్చేయాలి.

నిప్పు దగ్గర పటకారు ఒక్కరి చేతిలోనే ఉంటుంది, సాధారణంగా ఇంటాయన చేతిలో. అడగకుండా ఇంకొకరి మాంసం తిప్పడం మర్యాద కాదు. ‘ఇంకా కాలలేదేమో’ అనడం అంతకన్నా కాదు. మగవాళ్లు నిప్పు దగ్గర, ఆడవాళ్లు వంటింట్లో అన్న పద్ధతి ఇప్పటికీ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఆ ఒక్కటీ మన ఇంట్లోకి తెచ్చుకోనక్కర్లేదు. తిరిగి మీరు పిలిచిన రోజు అమ్మాయి చేతికీ పటకారు ఇవ్వండి.

ఇక నిప్పు సంగతి. కేప్‌టౌన్ ఉండే కేప్ వైపు రోయిక్రాన్స్, ఉత్తరాన సెకెల్‌బోస్ కట్టె వాడతారు. ఈ సెకెల్‌బోస్ మన మెట్ట భూముల్లో కనిపించే వెలుతురు చెట్టే. టాంబోటి కట్టె మాత్రం వాడకూడదు. దాని పాలు విషం, ఆ పొగ తగిలిన తిండితో వాంతులు, విరేచనాలు అవుతాయి. రంగు వేసిన చెక్క, మందు పట్టించిన కంచె గుంజలు కూడా పనికిరావు. మంట ఆరి, నిప్పుల మీద తెల్లటి బూడిద పట్టడానికి గంట దాకా పడుతుంది. మంట మీదే మాంసం పెట్టేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

వేడి చూడ్డానికి జాలీకి జానెడు కన్నా తక్కువ ఎత్తులో పెద్దవాళ్లు చెయ్యి పెడతారు, పిల్లలు అంకెలు లెక్కపెడతారు. మూడు, నాలుగు అనేలోపు చెయ్యి తీసేయాల్సి వస్తే స్టీక్‌కి సరైన వేడి. అయిదారు దాకా ఆగగలిగితే బూరవోర్స్, చాప్స్ (ఎముకతో కోసిన మాంసం ముక్కలు). ఎనిమిది, పది దాకా ఆగితే చికెన్. బూరవోర్స్‌ని ఫోర్కుతో పొడవకూడదు. కొవ్వు నిప్పుల్లో కారి మంట లేస్తుంది, సాసేజ్ ఎండిపోతుంది. ఎముకతో ఉన్న చికెన్‌కి 30 నుంచి 40 నిమిషాలు కావాలి. మన మసాలా పట్టించి తెస్తే నూనె తగ్గించండి, తేనె, చక్కెర వద్దు, పెరుగు ముద్దలుగా ఉంటే తుడిచి వేయండి. లేకపోతే మసాలా పది నిమిషాల్లో నల్లబడుతుంది, ఎముక దగ్గర ఎర్రగానే ఉంటుంది.

పిల్లలకి పని కావాలంటే రూస్టర్‌కూక్ ఉంది, నిప్పుల మీద కాల్చే చిన్న బ్రెడ్డు. అరకిలో బ్రెడ్ పిండి, పది గ్రాముల ఈస్ట్, చెంచా ఉప్పు, చెంచా చక్కెర, దాదాపు 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. పది నిమిషాలు పిసికి, ముప్పావుగంట పొంగనిచ్చి, అరచేతి వెడల్పు ముక్కలు చేసి సన్నని నిప్పు మీద తిప్పుతూ 15 నుంచి 20 నిమిషాలు కాల్చాలి. వేలితో తడితే డొల్ల చప్పుడు రావాలి. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా పిండి పని మొత్తం చేయగలరు.

తినే ముందు చాలా ఇళ్లలో చేతులు పట్టుకుని చిన్న ప్రార్థన చేస్తారు. తల వంచి మౌనంగా నిలబడితే చాలని పిల్లలకి ముందే చెప్పండి. ఈత కొలను ఉన్న ఇంట్లో ‘అందరూ చూస్తున్నారు’ అంటే ఎవరూ చూడటం లేదనే. పిల్లల్ని చూసే పని పెద్దవాళ్లు పావుగంటకొకరు చొప్పున పేరు పెట్టి పంచుకోండి. కాలిన చోట పసుపు, టూత్‌పేస్ట్ రాయకుండా కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి. మైదానంలో, సముద్రం ఒడ్డున అయితే నిప్పుల మీద ఇసుక కప్పి వదిలేయకండి. లోపల గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి, పైకి ఏమీ కనిపించదు, అక్కడి పిల్లలేమో చెప్పుల్లేకుండానే పరిగెడతారు. బకెట్లతో నీళ్లు పోసి, కలిపి, ఆవిరి ఆగేదాకా మళ్లీ పోయాలి.