బుడమేరు చూసి వెళ్తేనే ఆ ప్రసంగం అర్థమవుతుంది

విజయవాడ, గుంటూరు మధ్య ఒక కాలేజీలో వాతావరణం, ప్రకృతి, ఆదివాసీ కథనం మీద ప్రసంగాలు. మొదటిది మధ్యాహ్నం రెండింటికి. జూలై నెల, పునర్వసు కార్తె. ఇలాంటి వాటికి వచ్చేవాళ్లు నేరుగా హాలుకి వెళ్లకుండా, పొద్దున్నే బుడమేరు వాగు మీద గేట్లున్న వెలగలేరు చూసి రావాలని నా సలహా. నేను ఆరింటికే బయల్దేరాను. ఇబ్రహీంపట్నం, కొండపల్లి మీదుగా దారి. ఆటో మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణంతో సహా పదకొండుకల్లా ఊళ్లో ఉండొచ్చు.

వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నిలబడితే బుడమేరుకు రెండు దారులు కనిపిస్తాయి. మైలవరం వైపు కొండల మీద కురిసిన నీళ్లు ఇక్కడికి వస్తాయి. గేట్లు దించి ఉంటే నీళ్లు డైవర్షన్ కాలువలోకి మళ్లి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. గేట్లు ఎత్తితే పాత దారిలో విజయవాడ అంచు తాకుతూ కొల్లేరుకి పోతాయి. చిక్కంతా కాలువ కృష్ణలో కలిసే చోట ఉంది. అది ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కాలువ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. అప్పుడు గేట్లు ఎత్తక తప్పదు. పాత దారేమో ఆక్రమణలతో, పూడికతో సన్నబడిపోయింది.

2024 సెప్టెంబర్ 1న సరిగ్గా ఇదే జరిగింది. పైగా డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ మర్నాడే బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. లెక్కేస్తే సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్ల పైమాటే. 2009 అక్టోబర్ వరదను కూడా దాటిన అంకె అది.

మధ్యాహ్నం మొదటి ప్రసంగంలో ఈ అంకెలన్నీ తెరమీదికి వచ్చాయి. ప్రసంగం బాగానే సాగింది. కానీ తెరమీద పటంలో బుడమేరు గీత లేదు, కృష్ణ ఒక్కటే ఉంది.

రెండోది కోయ డోలీల కథనం. ఇక్కడ ఏర్పాట్లు చేసేవాళ్లు తెలుసుకోవాల్సింది చాలా ఉంది. పడిగె అంటే కోయల వేల్పులు, వంశగాథలు బొమ్మలుగా ఉన్న బట్ట. గట్టు అంటే కోయల్లో వంశశాఖ. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఎవరి పడిగె వాళ్లదే. ఆ గాథ పాడేవాళ్లే డోలీలు. సమ్మక్క సారలమ్మల కథ పాడి నిలబెట్టిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పడిగె పూజలందుకునే వస్తువు. దాన్ని వేదిక వెనక బ్యానర్‌లా వేలాడదీయకూడదు, ఎక్కడ పరచాలో వాళ్లనే అడగాలి. ఫొటో తీయొచ్చో లేదో కూడా ముందే అడగాలి, పాట మధ్యలో కాదు.

ఇరవై నిమిషాలు కేటాయించడం మొదటి తప్పు. గాథ ఎత్తుకోవడానికే అంత పడుతుంది. కనీసం గంటన్నర కావాలి. రెండో తప్పు ఏసీ హాలు. వానాకాలం తేమకి తోలు సాగి డోలు మూగబోతుంది. సెగ చూపితే బిగుసుకుని గొంతు తెరుస్తుంది. హాల్లో నిప్పు పెట్టనివ్వరు కదా. చివరికి అందరం వరండాలోకి మారాం, పక్కన నాలుగు ఎండు కొమ్మలు రాజేశారు. నేల మీద చాపలు, అరవై మంది, మైకు లేదు. మైకు డోలు పక్కన పెడితే పాట వినపడదు, ఆ దరువే మింగేస్తుంది. వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పించడం కూడా మానేశారు. ముందు కథ సారం ఐదు నిమిషాలు చెప్పి, పాటను పాటగా వదిలేశారు. అదే సరైన పద్ధతి.

ఈ పాటను మధ్యాహ్నం నిద్ర పోగొట్టే వినోదంలా చూడటం నాకు బాధగా ఉంటుంది. ఇందులో ఉన్నది అడవి లెక్క. కోయల మామిడి పండుగ అయ్యేదాకా ఆ ఏటి కాయ ముట్టకూడదన్న కట్టడే తీసుకోండి. కాయ ముదిరి టెంక గట్టిపడేదాకా చెట్టు జోలికి పోకపోతే, మొలిచే విత్తనం అడవికి మిగులుతుంది.

పాట అయ్యాక ఒక విద్యార్థిని అడిగింది, "మీ కథల్లో వరదలున్నాయా తాతా?" భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు తాకిందని అధ్యాపకుడొకరు అందుకున్నారు. పెద్ద డోలీ తలూపి, నీళ్లు తమ ఊళ్లో ఏ చింతచెట్టు మొదలు దాకా వచ్చాయో, ముందు ఏ పల్లం నిండిందో, పశువుల్ని ఏ గుట్ట మీదికి తోలారో వరసగా చెప్పాడు. చెప్పి, "మీదే ఊరమ్మా?" అన్నాడు.

"సింగ్‌నగర్. మా మెట్లలో ఏడోది మునిగింది."

"నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చాయి?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "మేమంతా కృష్ణ వైపే చూస్తూ కూర్చున్నాం తాతా. వెనక నుంచి వచ్చాయి."