లైట్ అంటే ఎన్ని అర్థాలో

నిన్న మా అక్క కూతురికి ఇంగ్లీష్ చెప్తుంటే లైట్ అనే ఒక్క మాట దగ్గరే సాయంత్రం అంతా గడిచిపోయింది, బరువు లేని బ్యాగ్ లైటే, లేత నీలం చీర లైటే, నూనె తక్కువున్న టిఫినూ లైటే. చీమ చిటుక్కుమన్నా లేచేవాళ్ళని లైట్ స్లీపర్ అంటారంటే రైల్లో బెర్త్ అనుకుంది పాపం. లైట్ హెడెడ్ అంటే బుర్ర లేనివాడని కాదు, తల తేలిపోయినట్టు తిరగడం.

అసలు బరువు తక్కువ అనే లైట్, వెలుతురు లైట్ పుట్టుకలోనే వేరు, పాత ఇంగ్లీష్ నాటికే ఒకేలా అయిపోయాయి, లేత రంగు అనే అర్థం వెలుతురు వైపు నుంచి వచ్చింది. రేడియోవాళ్ళు లైట్ మ్యూజిక్‌ని లలిత సంగీతం అన్నారు చూడండి, ఎంత బాగా కుదిరిందో!

ఇక మన లైట్ తీస్కో... ఓదార్చడానికీ అదే, అస్సలు లెక్కచేయకపోవడానికీ అదే. మొన్న ఉద్యోగం పోయిన మా ఫ్రెండ్‌తో ఎవరో ఆ మాటే అన్నారు, మంచిగానే అనుంటారు, కానీ వాడి మొహం చూసి నాకు చాలా బాధేసింది. అలాంటప్పుడు మీ వైపు ఏమంటారో రాయండి, నిజంగా తెలుసుకోవాలనుంది.