కేసులు 15 రెట్లు, మరణాలు మాత్రం అన్నే

ఒక ప్రాంతంలో క్యాన్సర్ కేసులు పెరిగాయన్న వార్త చూసినప్పుడల్లా నాకు దక్షిణ కొరియా గుర్తుకు వస్తుంది. జబ్బు ఎంతమందిలో బయటపడిందన్న లెక్క పక్కనే, అదే జనాభాలో దానివల్ల ఎంతమంది మరణించారన్న లెక్క కూడా లేకపోతే, మొదటి లెక్క ఎంత తప్పుదోవ పట్టించగలదో ఆ దేశపు అనుభవం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదని నా అభిప్రాయం.

1999లో కొరియా ప్రభుత్వం కొన్ని రకాల క్యాన్సర్లను ముందుగానే పసిగట్టేందుకు దేశవ్యాప్త పరీక్షలు ప్రారంభించింది. వాటిలో థైరాయిడ్ లేదు. అయినా పరీక్షలకు వచ్చినవారికి ఆసుపత్రులు కొద్దిపాటి అదనపు రుసుముతో మెడకు అల్ట్రాసౌండ్ స్కాన్ కూడా చేయసాగాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993 నాటికంటే 15 రెట్లు పెరిగింది; ఆ ఒక్క సంవత్సరమే 40,000 మందికి పైగా ఈ జబ్బు ఉందని తేలింది. మరణాలు మాత్రం ఏటా 300, 400 మధ్యనే నిలిచిపోయాయి.

నిజంగా కొత్త జబ్బు వ్యాపిస్తే మరణాలు కొంతైనా పెరగాలి; ముందుగా గుర్తించడం వల్ల ప్రాణాలు నిలుస్తుంటే కొంతైనా తగ్గాలి. రెండూ జరగలేదు. పైగా స్కాన్లు ఎక్కువగా చేయించుకున్న ప్రాంతాల్లోనే కేసులూ ఎక్కువగా ఉన్నాయని, పెరుగుదల దాదాపు అంతా నెమ్మదిగా పెరిగే పాపిల్లరీ రకానిదేనని క్యాన్సర్ రిజిస్ట్రీ (కేసులను నమోదు చేసే వ్యవస్థ) లెక్కల్లో తేలింది. ఆ గడ్డల్లో చాలావరకు జీవితాంతం ఏ హానీ చేయకుండా ఉండిపోయేవే.

హాని చికిత్సతో వచ్చింది. రోగ నిర్ధారణ అయినవారిలో దాదాపు అందరికీ శస్త్రచికిత్స జరిగింది. బీమా క్లెయిముల సమాచారాన్ని పరిశీలిస్తే, వారిలో సుమారు 11 శాతం మందికి, రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథుల పనితీరు దెబ్బతిన్నదని, 2 శాతం మందికి స్వరతంత్రులు చచ్చుబడ్డాయని తెలిసింది. ఇదంతా జరుగుతున్న కాలంలోనే ఈ క్యాన్సర్‌లో ఐదేళ్ల సాపేక్ష మనుగడ రేటు (అదే వయసున్న సాధారణ జనంతో పోలిస్తే రోగులు ఐదేళ్లు బతికే అవకాశం) 100 శాతాన్ని దాటింది! హాని చేయని గడ్డలను రోగుల జాబితాలో చేర్చే కొద్దీ ఆ శాతం దానంతట అదే పెరుగుతుంది కనుక, చికిత్స ఫలితాలను మనుగడ శాతంతో మాత్రమే కొలిచే వారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది. 2014లో కొందరు కొరియా వైద్యులు ఈ స్కాన్లు వద్దని బహిరంగంగా కోరిన తర్వాత ఏడాదిలోనే శస్త్రచికిత్సలు బాగా తగ్గాయి.

మన సంగతి చూస్తే, 2020లో వెలువడిన జాతీయ నివేదిక ప్రకారం, వయసు తేడాలను సర్దుబాటు చేశాక, లక్ష మంది మహిళలకు 48 రొమ్ము క్యాన్సర్ కేసులతో హైదరాబాద్ జిల్లా దేశంలో రిజిస్ట్రీలున్న ప్రాంతాలన్నిటికంటే ముందుంది. రొమ్ము క్యాన్సర్ థైరాయిడ్ వంటిది కాదు. దానివల్ల ప్రాణాలు పోతాయి, అందుకే ఈ అంకెను తేలికగా తీసుకోలేం. కానీ కొరియా పరిశోధకులకు అందుబాటులో ఉన్న రెండో లెక్క, అంటే మరణాల లెక్క, మనకు అంత నమ్మకంగా దొరకదు: మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతమే.