స్విచ్ మార్చడం తేలికే, గోడలోని తీగ సంగతే వేరు

విజయవాడలో మాది రెండంతస్తుల ఇల్లు. కట్టించేటప్పుడే మా నాన్నగారు గోడల్లో క్యాట్-5ఈ రకం నెట్‌వర్క్ కేబుళ్లు వేయించారు. హాల్లో ఆ కేబుళ్లను కలిపే పాత 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) నెట్‌వర్క్ స్విచ్ ఉండేది. ఇంటర్నెట్ వాడకానికి దానితో ఇబ్బందేమీ లేదు. ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు దాచడానికి నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే నిల్వ పెట్టె) కొన్నాకే స్విచ్ నత్తనడక తెలిసివచ్చింది. సెకనుకు 11 ఎంబీ (మెగాబైట్లు; బైటుకు ఎనిమిది బిట్లు) దాటదు. పెళ్లి వీడియో ఎక్కించమని పెట్టి, తీరిగ్గా భోంచేసి వచ్చినా ఇంకా సగం మిగిలే ఉండేది.

హాల్లోకి ఎనిమిది పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్, మేడ మీదికి అయిదు పోర్టులది తెచ్చాను. రెండూ అన్‌మేనేజ్డ్ (తగిలిస్తే చాలు, పనిచేసే) రకమే. మామూలు ఇంటికి అంతకు మించి ఖర్చు దండగ. పరికరాలకు ఐపీలు (నెట్‌వర్క్ చిరునామాలు) పంచే పని రౌటర్‌దే కాబట్టి వీటిలో సెట్టింగుల గొడవే లేదు. ఒక్కటే జాగ్రత్త: రెండు స్విచ్‌ల మధ్య ఒకే కేబుల్ ఉండాలి. వేగం పెరుగుతుందన్న ఆశతో రెండోది కూడా గుచ్చితే డేటా అక్కడక్కడే తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది.

హాల్లో పని ఇట్టే అయిపోయింది. మేడ మీది స్విచ్‌లో మాత్రం పచ్చదీపానికి బదులు నారింజ దీపం వెలిగింది. ఆ మోడల్‌లో అది 100కు గుర్తు. గోడమీది సాకెట్ విప్పి చూశాను. కేబుల్‌లోని నాలుగు జతల్లో నారింజ, ఆకుపచ్చ జతలే నెట్‌వర్క్‌కు కలిపి ఉన్నాయి. నీలం జత పక్కనున్న ల్యాండ్‌లైన్ సాకెట్‌లోకి వెళ్లింది. గోధుమరంగు జతను ఉండలా చుట్టి మూలకు నెట్టేశారు. వైరింగ్ చేసినాయనను తప్పుపట్టలేను. 100 వేగానికి రెండు జతలే చాలు, పైగా ఒక్క కేబుల్‌తో ఫోను కూడా గడిచిపోయింది. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ల్యాండ్‌లైన్ ఎప్పుడో తీయించేశాం కాబట్టి, రెండు చివరలా ఎనిమిది తీగలనూ టీ568బీ అనే ప్రామాణిక రంగుల వరుసలో బిగించాను. దీపం పచ్చగా మారింది.

పడకగదిది మరో కథ. అక్కడికి తర్వాతెప్పుడో వేయించిన చవక కేబుల్ వెళ్తోంది. తీగను చాకుతో గీకితే పైన రాగిరంగు, లోపల తెల్లటి అల్యూమినియం! రెండుసార్లు వంచగానే పుటుక్కున విరిగింది. దానికి మరమ్మతు అనవసరం. అసలైన రాగి క్యాట్-6 కేబుల్ తెచ్చి, పాత కేబుల్ కొసకు టేపుతో గట్టిగా చుట్టి, పైపులోంచి లాగాం. "గుంజకండి సార్, నేను పైనుంచి తోస్తుంటాను, మీరు బిగువు తగ్గకుండా పట్టుకోండి చాలు" అన్నాడు ఎలక్ట్రీషియన్. మలుపు దగ్గర కాసేపు మొరాయించినా చివరికి వచ్చేసింది.

ఇప్పుడు నాస్‌కు సెకనుకు సుమారు 110 ఎంబీ ఎక్కుతోంది. టీవీ దగ్గర మాత్రం ఇంకా నారింజ దీపమే. టీవీలోని పోర్టే 100ది, స్విచ్ చేయగలిగిందేమీ లేదు. ఇంటర్నెట్‌లో చూసే 4కే సినిమాకు 25 ఎంబీపీఎస్ చాలు కాబట్టి దాని జోలికి పోలేదు.