అన్నం మానొద్దు, కంచం సర్దండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరు డైట్ మొదలుపెట్టినా ముందు వేటు పడేది అన్నం మీదే. రేపట్నుంచి అన్నం బంద్ అంటారు. పది రోజులు గడిచేసరికి ఏ పెళ్లి భోజనమో, ఏ అమ్మవారి పండగో వస్తుంది, డైట్ అక్కడితో ఆగిపోతుంది. పట్టుదల లేదని మనిషిని తిడతారు గాని, తప్పంతా లెక్కలోనే ఉంది.

మన కంచంలో అన్నం ఎక్కువైన మాట నిజం. చుట్టూ ఉండాల్సినవి తగ్గిపోబట్టే అది అంత పెరిగింది. పప్పు పలచబడి చారయింది. కూర నంజుకునేంతకు వచ్చింది. పొద్దున్న చోడి (రాగి) అంబలి ఉండే చోట రెండు చెంచాల పంచదారతో టీ వచ్చి కూర్చుంది. వాటిని వెనక్కి తేకుండా అన్నం ఒక్కటే తీసేస్తే కంచంలో మిగిలేది ఆకలి.

ముందు కొలత తెలియాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కెలోరీలు సరిపోయే మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పళ్లు 100, జీడిపప్పు, నువ్వుల్లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు కావాలి. ఇవన్నీ వండకముందు తూకాలు. ధాన్యాల్లో బియ్యం, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమపిండి, చోళ్లు అన్నీ వస్తాయి. టిఫిన్‌ని అన్నం లెక్కలో కలపకపోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

ఈ సంస్థ పుట్టుకకు మన తీరంతోనూ సంబంధం ఉంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి వ్యాధి మీద పరిశోధనగా అది మొదలైంది. ఆ రోజుల్లో బెరిబెరి బాగా కనిపించిన ప్రాంతాల్లో గంజాం, విశాఖ జిల్లాలతో కూడిన ఉత్తర సర్కారు తీరం ఒకటి. ఇక్కడివాళ్లు ఉప్పుడు బియ్యం కాకుండా మర పట్టిన పచ్చి బియ్యం తినేవారు. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయేది, కడిగిన నీళ్లతో ఇంకొంత, వార్చిన గంజితో మరికొంత పోయేది. ఇప్పుడు ఆ వ్యాధి అరుదు. తెల్లటి బియ్యం మీద మోజు మాత్రం అలాగే ఉంది. అందుకే బియ్యం రెండుసార్లకు మించి కడగొద్దు, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. వార్చే అలవాటుంటే ఆ గంజి పారబోయకుండా తరవాణిలో (పులియబెట్టిన గంజిలో) కలుపుకోండి. ఒంటిపట్టు బియ్యం దొరికితే మరీ మంచిది.

రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు నిండుగా పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం. వండితే అది 400 గ్రాముల పైచిలుకు అన్నం అవుతుంది, దానిలో 520 కెలోరీలుంటాయి. మధ్యాహ్నం ఒక కప్పు, రాత్రి ఒక కప్పు, పొద్దున్న 80 గ్రాముల రవ్వ ఉప్మా తినే మనిషి ధాన్యం ఒక్కటే 380 గ్రాములు తింటున్నాడు. పొలంలో నాట్లు వేసేవాళ్లకి, బస్తాలు మోసేవాళ్లకి ఇది చెల్లుతుంది. షాపు గల్లా దగ్గరో, ఆఫీసు కుర్చీలోనో కూర్చునేవాళ్లకి చెల్లదు.

తగ్గించడం ఎలా? నెలకి రెండు కిలోలు తగ్గాలంటే రోజుకి సుమారు 500 కెలోరీలు కోయాలి. వారానికి అరకిలో తగ్గడం క్షేమం. రోజు మొత్తం తిండి 1000 కెలోరీల కంటే కిందికి పోకూడదని జాతీయ సంస్థ కూడా చెబుతోంది. 500 అంటే పెద్ద త్యాగంలా వినిపిస్తుంది గాని, విడగొట్టి చూడండి. ధాన్యం 380 నుంచి 310 గ్రాములకు తెస్తే 245 తగ్గాయి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార వేసుకునేవారు రెండు టీలు, ఒక్కో చెంచాకు వస్తే 120. నెలకి ఆరు లీటర్ల నూనె వాడే నలుగురున్న ఇల్లు నాలుగు లీటర్లతో సరిపెట్టుకుంటే మనిషికి రోజుకి 135. ఏదీ మానకుండానే 500 అయ్యాయి. కూరలు, పప్పు పెంచినందుకు కొంత తిరిగి చేరుతుంది, దానికి రోజూ ముప్పావుగంట గట్టి నడక చెల్లు. రెండో నెలలో ధాన్యాన్ని 250కి దింపండి. మొదటి రోజే దింపితే రాత్రి పదింటికి మిక్చర్ డబ్బా మూత తీస్తారు.

పప్పు విషయంలో మోసం ఎక్కువ. నలుగురికి చారెడు కందిపప్పు, అంటే 50, 60 గ్రాములు, ఉడికించి చెంబెడు నీళ్లు పోసి పప్పుచారు చేస్తే మనిషికి వచ్చేది 15 గ్రాముల పప్పు, మూడు నాలుగు గ్రాముల ప్రొటీన్. నలుగురికి పూటకి కనీసం 120 గ్రాములు పడాలి, గరిటెజారుగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. 250 గ్రాముల ధాన్యంలో 20, 85 గ్రాముల పప్పులో 19, పావులీటరు పైన పాలు పెరుగుల్లో 9, మిగతాది గింజల్లో వచ్చేస్తుంది. డబ్బా పౌడర్ అవసరం ఎక్కడా లేదు. చేపలు తినేవాళ్లకి ఇంకా సులువు. వంద గ్రాముల పచ్చి నెత్తళ్లో కానాగంతలో 18 గ్రాములకు తక్కువ కాకుండా ఇస్తాయి. పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. ఎండుచేపల్లో ప్రొటీన్ ఉన్నా ఉప్పు విపరీతం. అవి కూరకి వాసన పట్టించేంత వరకే.

ఉలవల సంగతి చెప్పకుండా ఉండలేను. ఉలవచారు కాచి, ఉడికిన ఉలవల్ని పశువులకి పెట్టడం పాత అలవాటు. నూటికి 21 గ్రాముల ప్రొటీన్, దండిగా పీచు ఉన్న గింజ పశువుకి పోయి, మనకి చారు మిగులుతోంది. రాత్రి నానబెట్టి, కుక్కర్‌లో ఆరేడు విజిల్స్ రానిచ్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసంతో గుగ్గిళ్లు చేసుకోండి. మనిషికి 30 గ్రాముల ఉలవలు చాలు. సాయంత్రం పునుగుల బండి వైపు కాళ్లు లాగవు.

ఇక అంబలి. విజయనగరంలో వ్యవసాయ పరిశోధన స్థానం దశాబ్దాలుగా చోళ్ల మీద పనిచేస్తోంది, వేగావతి లాంటి రకాలు అక్కడివే. నూరు గ్రాముల చోళ్లలో 360 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా ఉండదు. నలుగురికి అంబలి కావాలంటే 100 గ్రాముల చోడిపిండిని 400 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచండి. వేసవిలో ఎనిమిది గంటలకే పులుస్తుంది, చలికాలంలో పన్నెండు పడుతుంది. పొద్దున్న లీటరు నీళ్లు మరిగించి, గుప్పెడు బియ్యపు నూకలు మెత్తగా ఉడికాక, పులిసిన పిండిని ధారగా పోస్తూ కలపండి. పది నిమిషాలు సన్న సెగ మీద ఉండాలి. తడి వేలితో ముట్టుకుంటే అంటుకోకపోతే ఉడికినట్టే. చల్లారాక మజ్జిగ, ఉల్లిముక్కలు, అర చెంచా ఉప్పు.

చెడేది ఎక్కడంటే, పొడిపిండిని మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. ముందే నీళ్లలో నానబెట్టి పోస్తే ఆ బాధ లేదు, పైగా పులియడం వల్ల ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి. పిండిని సన్న జల్లెడ పట్టారంటే పీచు చాలావరకు జల్లెడలోనే ఉండిపోతుంది. గ్లాసులో మనిషికి 25 గ్రాముల పిండి పడితే వచ్చే ప్రొటీన్ రెండు గ్రాములే, కాబట్టి పక్కన గుడ్డో గుగ్గిళ్లో ఉండాలి. లేకపోతే పదింటికల్లా కడుపు ఖాళీ. సుగర్ ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. మెత్తటి పిండితో కాచిన పలచటి జావ రక్తంలో చక్కెరను వేగంగానే పెంచుతుంది. వాళ్లకి చోడి రొట్టె, ఆనపకాయ కూర నయం. గంటెలు (సజ్జలు), కొర్రలు, సామలకూ ఇదే మాట. బియ్యానికి బదులుగా తినాలి, బియ్యం తిన్నాక అదనంగా కాదు.

మన కూరల్లో బెల్లం వేస్తారని బయటివాళ్లు అదోలా చూస్తారు. నలుగురి ముక్కల పులుసులో నిమ్మకాయంత బెల్లం వేస్తే మనిషికి ఏడు గ్రాములు. పంచదార, బెల్లం, తేనె కలిపి రోజుకి 25 గ్రాముల లోపు ఉండాలి, కాబట్టి పులుసు తప్పేమీ కాదు. పైన చెప్పిన నాలుగు టీలే 40 గ్రాములు. భీమాలి తాండ్ర అరచేయంత ముక్క అయినా ఆ రోజు లెక్కలో వేసుకోవాల్సిందే. పలాస జీడిపప్పు పది పలుకులకు 90 కెలోరీలు. తినండి, చేతిలో లెక్కపెట్టుకుని తినండి, సంచి ముందు పెట్టుకుని మాత్రం వద్దు. నువ్వుపొడి వేసిన కూర చాలా మంచిది, కాకపోతే ఆ పూట తాలింపు నూనె సగం చేయండి.

ఉప్పు రోజుకి ఐదు గ్రాములు. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ నెలన్నర పైన రావాలి, పచ్చళ్ల ఉప్పు కూడా అందులోదే. అలాగని ఉప్పు, నూనె పూర్తిగా మానేసే పద్ధతి జోలికి పోకండి. అయోడిన్ మనకి ప్రధానంగా ఆ ఉప్పులోనే అందుతోంది.

శనివారం ఒంటిపూట చాలా ఇళ్లలో ఉంది. ఒక పూట భోజనం, రాత్రి టిఫిన్. ఆ టిఫిన్ నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర అయితే మానేసిన అన్నం కంటే ఎక్కువే లోపలికి పోతుంది. పెసరట్టో, పళ్లు, మజ్జిగో అయితే ఉపవాసానికి అర్థం. గంటలు లెక్కపెట్టి పదహారు గంటలు తినకుండా ఉండే పద్ధతి కూడా మామూలుగా కెలోరీలు తగ్గించినంత ఫలితమే ఇస్తుందని పరిశోధనలు తేల్చాయి. కొందరికి అది సులువు, అంతే. నిమ్మకాయ తేనె నీళ్లకు కొవ్వు కరిగించే గుణం లేదు.

అన్నం పూర్తిగా మాని కొబ్బరినూనె, నెయ్యి, మాంసం మీద బతికే డైట్‌లో మొదటి వారం రెండు కిలోలు దిగుతాయి. ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే దాచుకున్న పిండిపదార్థం, ప్రతి గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చవగానే నీరు పోతుంది. మళ్లీ అన్నం తిన్న వారంలో అదే నీరు తిరిగొస్తుంది. మరీ వేగంగా తగ్గితే కండ కరుగుతుంది, రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు పడే ప్రమాదమూ ఉంది.

మన జిల్లాల్లో దీనికి మించిన ప్రమాదం కిడ్నీలది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, పైగా జబ్బు చాలా ముదిరేదాకా లక్షణం కనిపించదు. అలాంటి చోట పరీక్ష లేకుండా ప్రొటీన్ పౌడర్, రోజూ అరకిలో మాంసం మొదలుపెట్టడం చాలా పెద్ద తప్పు. ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోండి. తేడా ఉంటే ప్రొటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. పొటాషియం పెరిగిందని చెప్పినవాళ్లు కొబ్బరినీళ్లు, అరటిపండు ఆపాలి, మనకి అవి ఎంత చవగ్గా దొరికినా సరే. కూరముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియానికి బదులు కలిపేది పొటాషియమే. కిడ్నీ రోగి ఇంట్లో ఆ ప్యాకెట్ ఉండకూడదు. డైట్‌తో పాటు నడక మొదలుపెట్టి, మోకాళ్ల నొప్పులకి షాపులో నొప్పి మాత్రలు కొనుక్కోవడం కూడా కిడ్నీకే దెబ్బ.

సుగర్‌కి ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ మాత్ర గాని వాడుతూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి. అందుకే డైట్‌కి ముందే మందు మోతాదు మార్పించుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే డైట్ చేయకూడదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు తోటకూర, మునగాకు మీద నిమ్మరసం పిండుకుని తినాలి. భోజనానికి అటూ ఇటూ గంటసేపు టీ ముట్టకూడదు.

బరువు రోజూ చూసుకోవద్దు, నీటి తేడాకే కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికి ఒకసారి, పొద్దున్నే పరగడుపున, ఒకే రకం బట్టలతో చూడండి. టేపుతో నడుము కొలవండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే బరువు మామూలుగా ఉన్నా పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నట్టే. నాలుగు వారాలు చూశాక బరువూ నడుమూ కదలకపోతే ముందు నూనె ప్యాకెట్లు, టీలు లెక్కపెట్టండి, సాధారణంగా దొంగ అక్కడే దొరుకుతాడు. అక్కడ అంతా సరిగ్గా ఉంటే రాత్రి బియ్యంలో ఇంకో 20 గ్రాములు తీసి, ఆ చోట కూర వేసుకోండి.