కబ్బన్ పార్క్ ఎర్ర బిల్డింగులు, మధ్యలో మా బాబాయ్

బెంగళూరు వచ్చిన చుట్టాలందరికీ విధానసౌధ ముందు ఫోటో కావాలి. ఫోటో తీసేవాడి వెనకే రోడ్డుకి అటుపక్క ఇంకో పెద్ద ఎర్ర బిల్డింగ్ ఉంటుంది, పోజు ఇచ్చేవాళ్ళు నేరుగా దానివైపే చూస్తూ నవ్వుతారు గానీ అదేంటని ఒక్కరూ అడగరు. అదే అఠారా కచేరి, ఇప్పటి హైకోర్టు. 1868లో పూర్తయింది, అంటే విధానసౌధ కంటే 88 ఏళ్ళు పెద్దది. రెండంతస్తులు, గ్రీకు గుళ్ళలా వరసగా స్తంభాలు. 1980ల్లో దీన్ని పడగొట్టాలనుకుంటే జనం కేసు వేశారు, కోర్టు బిల్డింగ్ కోసం కోర్టుకే వెళ్ళడం అన్నమాట, మొత్తానికి నిలబడింది.

కాకపోతే కోర్టు కదా, ఊరికే చూసొస్తామంటే లోపలికి పంపరు. అందుకే నాకు అక్కడే కబ్బన్ పార్కులో ఉన్న రెండో ఎర్ర బిల్డింగే ఎక్కువ ఇష్టం, శేషాద్రి అయ్యర్ మెమోరియల్ హాల్, 1915 నాటిది, ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. మొన్న అనంతపురం నుంచి బాబాయ్ వస్తే అక్కడికే తీసుకెళ్ళా. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు, పుస్తకాలంటే పెద్దగా పడదు, "లైబ్రరీ చూడ్డానికి ఇంత దూరం నడిపించావేంరా" అని మెట్రో దిగిన దగ్గర్నుంచి సణుగుతూనే ఉన్నాడు.

హాల్ ముందు శేషాద్రి అయ్యర్ విగ్రహం ఉంది, 1913లో వైస్రాయ్ హార్డింజ్ ఆవిష్కరించాడు. ఈయనెవర్రా అన్నాడు. మైసూరు దివాన్ బాబాయ్, 1883 నుంచి 1901 దాకా, శివసముద్రంలో కావేరి మీద కరెంటు పుట్టించే పని మొదలుపెట్టించింది ఈయనే, 1902లో అక్కణ్ణుంచి కోలార్ బంగారు గనులకి లైన్ లాగారు, దగ్గరదగ్గర 150 కిలోమీటర్లు, బెంగళూరుకి కరెంటు వచ్చింది ఆ తర్వాత 1905లో అని చెప్పా. అంతే, మనిషి మారిపోయాడు! "1902లో నూటయాభై కిలోమీటర్లా? స్తంభాలెలా మోసుకెళ్ళారు, లైన్ లాస్, అదే దారిలో పోయే కరెంటు, ఎంతుండేది" అని నన్నే ఇంటర్వ్యూ మొదలెట్టాడు, నాకేం తెలుసు, నేను సాఫ్ట్‌వేర్.

నేనేమో పైకి చూస్తున్నా. హాల్ స్తంభాల్లో కొన్నిటి తలలు కోరింథియన్ రకం, అంటే చుట్టూ ఆకులు విచ్చుకున్నట్టు చెక్కి ఉంటాయి, ఎరుపు గోడల ముందు భలే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇలాంటివి సినిమా సెట్టింగుల్లో చూసీ చూసీ మనకి లోకువ గానీ, దగ్గరికెళ్ళి ఒక్కో ఆకు చూడండి, ఊరికే వదలబుద్ధి కాదు.

లోపల చాలామంది తలెత్తకుండా పేపర్లు చదువుకుంటున్నారు. బాబాయ్ కూడా ఓ కుర్చీ చూసుకుని కూర్చున్నాడు, భోజనానికి లేపడమే కష్టమైంది. రెసిడెన్సీ రోడ్ నాగార్జునలో పప్పు కలుపుకుంటూ కూడా అదే లైన్ గోల, వానలు పడ్డాక శివసముద్రం వెళ్దాం, కారు నువ్వే తియ్యి, పిన్నికి మాత్రం జలపాతం చూడ్డానికని చెబుదాం అన్నాడు.