మాంద్యంలో రేసు కారుకి స్పాన్సర్‌ను వెతికిన ఏడాది

2008 డిసెంబర్ 5న తమ్ముడు కోయంబత్తూరు నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, హోండా ఫార్ములా వన్ వదిలేస్తోందట" అన్నాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద కార్ల రేసు పోటీ అది. ఎవరో పోయారని చెప్పినట్టుంది వాడి గొంతు. హోండా వెళ్లిపోతే మనకేంట్రా అని నేను అనలేకపోయాను. వాడి రేసింగ్‌కి నాలుగు లక్షలు ఇస్తామని హైటెక్ సిటీ దగ్గరున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసిచ్చిన ఉత్తరం నా బ్యాగులోనే ఉంది. అందులో లక్ష వచ్చింది. మిగతా మూడు లక్షలు జనవరిలో రావాలి. అంత పెద్ద హోండాకే డబ్బు బరువైతే వీళ్లెంత అనే భయం ఆ రోజు మొదలైంది.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేను నారాయణగూడలో ఒక ఆడిటర్ దగ్గర అకౌంట్స్ చూసేదాన్ని. తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతూనే కార్టింగ్ అనే చిన్న బండ్ల రేసుల్లో గెలిచి, ఫార్ములా ఎల్‌జీబీ క్లాసులోకి వెళ్లాడు. బైక్ చెయిన్లు తయారుచేసే కోయంబత్తూరు కంపెనీ పేరు మీద నడిచే క్లాసు అది. మారుతి ఇంజన్ బిగించిన సింగిల్ సీటర్ కారు. వాడి డ్రైవింగ్ చూసి ఒక టీమ్ సగం ఫీజుకే సీటు ఇచ్చింది. అయినా సీజన్‌కి మాకు ఆరున్నర లక్షలు కావాలి. టీమ్ ఫీజు, టైర్లు, ఎంట్రీ ఫీజు, లైసెన్సు, ప్రయాణాలు అన్నీ కలిపి అది. పైగా కారు గుద్దుకుంటే రిపేరు ఖర్చు కూడా మాదే. నాన్న పీఎఫ్ డబ్బులో కొంత ముందు సీజన్‌లోనే అయిపోయింది. ఇంకో రూపాయి అందులోంచి తీయనివ్వకూడదని నేను, అమ్మ గట్టిగా అనుకున్నాం.

2009 జనవరి 7న, కంపెనీ లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ దాన్ని మర్చిపోలేరు. మా ఆఫీసులో కాలిక్యులేటర్ల చప్పుడు కూడా ఆగిపోయింది. ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కే స్పాన్సర్‌గా సంతకం చేసిన కంపెనీ అది. మా స్పాన్సర్ కంపెనీకి దానితో ఏ సంబంధమూ లేదు. కానీ మర్నాటి నుంచి మార్కెటింగ్ మేనేజర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. పది రోజులు చూసి ఆఫీసుకి వెళ్లాను. రిసెప్షన్‌లో అమ్మాయి మెల్లగా, "ఆ డిపార్ట్‌మెంటే లేదు మేడమ్ ఇప్పుడు" అంది. ఆ సాయంత్రం అతనే తన సొంత నంబర్ నుంచి ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయిందని, మాకు మాట ఇచ్చి తప్పినట్టయిందని చాలాసేపు బాధపడ్డాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని ఒకసారి చెప్పాడు, అదే గుర్తొచ్చింది.

తప్పు మా స్పాన్సర్ రాసిచ్చిన ఉత్తరంలోనే ఉంది. "ఇవ్వాలని ఉద్దేశిస్తున్నాం" అని రాశారు, "ఇస్తాం" అని కాదు. తేదీలు లేవు, చెక్కులు లేవు. పదేళ్లుగా పద్దులు రాస్తున్నదాన్ని, చదివినప్పుడే పట్టుకోవాల్సింది.

ముందు కోత స్పాన్సర్‌షిప్‌కే ఎందుకు పడుతుందో నాకు పద్దుల పుస్తకంలోనే కనబడింది. ఏ కంపెనీ లెక్కలు తీసినా అద్దె ఆపలేరు, బ్యాంకు వడ్డీ ఆపలేరు, జీతాలు ఆపాలంటే నోటీసు ఇవ్వాలి. ప్రకటనల ఖర్చు మాత్రం ఒక్క మెయిల్‌తో ఆగిపోతుంది. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అక్టోబర్‌కల్లా 9 వేల కిందికి పడింది. ఆ పతనం చూసిన ప్రతి ఫైనాన్స్ హెడ్డూ ముందు ఆ పద్దు దగ్గరే ఆగాడు. డిసెంబర్ మధ్యలో ఒక్క రోజు తేడాతో సుజుకీ, సుబారు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకున్నాయి. ఫిబ్రవరిలో ఐఎన్‌జీ బ్యాంకు ఫార్ములా వన్‌లోని రెనో టీమ్‌తో ఒప్పందం పొడిగించబోమని చెప్పింది. చెన్నై చుట్టుపక్కల లారీల ఫ్యాక్టరీలు వారంలో కొన్ని రోజులు మూతపడుతున్నాయి. వాటికి విడిభాగాలు పంపే చిన్న కంపెనీలు కూడా నా లిస్టులో ఉండేవి. వాళ్లను ఏ మొహం పెట్టుకుని అడగను?

అయినా అడిగాను. నా డైరీలో లెక్క ఉంది. జనవరి నుంచి మార్చి దాకా 61 చోట్లకు ఉత్తరాలు పంపాను. 14 మంది కలవనిచ్చారు. ఒక్కరూ డబ్బు ఇవ్వలేదు.

నా మొదటి ప్రపోజల్ 24 పేజీలు. ఫార్ములా వన్ ఫోటోలు, నరేన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ కారు నడిపిన సంగతి, 2011లో మన దేశానికి ఫార్ములా వన్ రాబోతోందన్న వార్త, అన్నీ పెట్టాను. చూసేవాళ్లు నాలుగో పేజీ దాటేవారు కాదు. బంజారాహిల్స్‌లో ఒక నగల షాపు యజమాని చాలా మర్యాదగా, "అమ్మా, ఇదంతా ఫార్ములా వన్ గురించి ఉంది. మీ తమ్ముడి గురించి ఏది? నా షాపు గురించి ఏది?" అన్నారు. ఆ రాత్రే దాన్ని రెండు పేజీలకు కుదించాను. ఒకటి తమ్ముడి గురించి, రెండోది ఎవర్ని కలవబోతున్నానో వాళ్ల వ్యాపారం గురించి. రెండో పేజీ ప్రతిసారీ కొత్తగా రాయాలి. అది రాయడానికి ఆ షాపు ముందు గంటసేపు నిలబడి, ఎవరు వస్తున్నారో, ఏం కొంటున్నారో చూసిన రోజులున్నాయి.

ఇంకో ఇబ్బంది క్రికెట్. ఐపీఎల్ మొదలై అప్పటికి ఏడాది. ఖర్చు పెట్టగలిగిన కొద్దిమంది చూపూ అటే. నాకు క్రికెట్ మీద కోపం లేదు, ఆ మేలో డెక్కన్ చార్జర్స్ గెలిస్తే మేమూ మిఠాయి పంచాం. కానీ టీవీలో రాని ఆటకి రూపాయి పుట్టించడం ఎంత కష్టమో ఆ మూడు నెలల్లో తెలిసింది.

ఒకే ఒక్క చోట వెంటనే సరే అన్నారు. అది సోడా పేరుతో ప్రకటనలిచ్చే మద్యం కంపెనీ. సిగరెట్ కంపెనీల స్పాన్సర్‌షిప్‌లు 2003 చట్టంతో పోయాయి, మద్యానికి మాత్రం ఇలాంటి దారి మిగిలింది. మూడు లక్షలిస్తామన్నారు. నాన్న ఒక్కటే మాట అన్నారు: "డిపోలో డ్యూటీకి ముందు డ్రైవర్ల నోరు వాసన చూసి పంపినోణ్ని నేను. నా కొడుకు బండి మీద ఆ పేరు వద్దు." తమ్ముడు ఆ రాత్రి అన్నం తినలేదు. అయినా ఎదురు చెప్పలేదు.

మార్చి 29 ఆదివారం పదకొండున్నరకి అందరం టీవీ ముందు కూర్చున్నాం. మెల్‌బోర్న్‌లో ఫార్ములా వన్ మొదటి రేసు. హోండా వదిలేసిన టీమ్‌నే దాని బాస్ రాస్ బ్రాన్ తీసుకుని తన పేరుతో దింపాడు. కారంతా తెలుపు. రెండు మూడు చోట్ల చిన్న పేర్లు, చివరి నిమిషంలో స్పాన్సర్‌గా వచ్చిన వర్జిన్ కంపెనీ గుర్తు, అంతే. ఆ టీమ్ డ్రైవర్లే జెన్సన్ బటన్ ఫస్ట్, బారికెల్లో సెకండ్. తమ్ముడు లేచి గంతులేశాడు. "చూశావా అక్కా! ఏమీ లేకపోయినా ముందుంటే అందరూ దాన్నే చూస్తారు" అన్నాడు. వాడి ఆనందం చెడగొట్టాలనిపించలేదు. ఆ కారు మీద హోండా ఏడాదికి పైగా కుమ్మరించిన డబ్బు నాకు కనబడుతోంది. బయటికి ఖాళీగా కనిపించే ఆ కారు వెనక అంత ఖర్చుంది. మా కారు వెనక నాన్న పీఎఫ్ ఒక్కటే ఉంది.

ఏప్రిల్‌లో నాన్నే, "ఒకసారి బెజవాడ ఆటోనగర్ వెళ్దాం పద" అన్నారు. తాను డిపోలో ఉన్నప్పుడు బ్రేక్ లైనర్లు సప్లై చేసిన డీలర్ ఉన్నారని చెప్పారు. నేను నమ్మకంతో వెళ్లలేదు. మా కారుకి ఉండేవి డిస్క్ బ్రేకులు, ఆయన అమ్మేవి లారీ లైనర్లు, క్లచ్ ప్లేట్లు. షాపులో గ్రీజు మరకల బల్ల మీద నా రెండు పేజీలు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. ఆ మూడు నెలల్లో మొత్తం చదివింది ఆయనొక్కరే.

"ఏమ్మా, మద్రాసులో తిరిగే కారు మీద నా పేరు చూసి ఇక్కడ లైనర్ ఎవరు కొంటాడు?" అన్నారు.

"మీ లైనర్ కొనమని చెప్పేది ఎవరండీ?" అని అడిగాను.

"ఇంకెవరు, మెకానిక్కే. ఓనర్ డబ్బిస్తాడు, ఏ కంపెనీది వెయ్యాలో మేస్త్రీ చెప్తాడు."

"మరి మేస్త్రీల కోసం మీరేం చేస్తారు?"

ఏటా రెండుసార్లు మెకానిక్‌ల మీటింగు పెడతానని చెప్పారు. హోటల్లో భోజనం, ఒక బ్యాగో టిఫిన్ క్యారియరో గిఫ్టు, కంపెనీ వాళ్ల ఉపన్యాసం. ఈసారి గిరాకీ తగ్గినా మీటింగు మాత్రం మానలేనన్నారు. మానితే మేస్త్రీలు పక్క షాపుకి పోతారు. దానికి ఎంతవుతుందని అడిగితే సంకోచించకుండా చెప్పారు. ఆ అంకె వినగానే నాకు అర్థమైంది, నేను మూడు నెలలుగా అడుగుతున్నది కోత పడిన పద్దులోంచి. ఈ మనిషి చేతిలో కోత పడని పద్దు ఒకటుంది.

"ఆ మీటింగు రేస్ ట్రాక్ దగ్గర పెడదామండీ" అన్నాను. ముప్పై మంది మేస్త్రీలను రాత్రి బస్సులో శ్రీపెరంబుదూరు తీసుకెళ్దాం. పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు సిద్ధం చేసే చోట, చక్రం విప్పి బ్రేకులు చూపిద్దాం. తమ్ముడే వాళ్లకు తెలుగులో వివరిస్తాడు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నాన్న వైపు తిరిగి, "మేస్త్రీ, మీవాడు మధ్యలో మానేస్తే?" అన్నారు. "మానడు" అన్నారు నాన్న. ఇంక ఆయన ఏమీ అడగలేదు.

రెండున్నర లక్షలు ఖాయమైంది. ఈసారి కాగితం నేనే రాశాను. ప్రతి రౌండుకి, అంటే సీజన్‌లో ప్రతి రేసు వారాంతానికి, వారం ముందు చెక్కు. స్టిక్కర్ల ఖర్చు ఎవరిదో, రౌండు రద్దయితే ఏం చేయాలో, పన్ను కింద టీడీఎస్ ఎంత కోస్తారో, ఆ కోతకి రుజువైన ఫారం 16ఏ ఎప్పుడిస్తారో, ఫోటోలు మూడు రోజుల్లో పంపే బాధ్యత నాదని, అన్నీ ఉన్నాయి. ఆయన చూపించిన దారిలోనే రాణీగంజ్‌లో ఒక ఇంజన్ ఆయిల్ డిస్ట్రిబ్యూటర్ లక్ష, సరిపడా ఆయిల్ ఇచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ లక్ష ముందే ఉంది. తగ్గిన రెండు లక్షలకు టెస్టింగ్ రోజులు మానేశాం, ప్రాక్టీసుకి పాత టైర్లు వాడాం. తమ్ముడు వారాంతాల్లో కార్టింగ్ ట్రాక్‌లో పిల్లలకు నేర్పాడు. డబ్బు ఆపేసిన ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు కూడా కారు మీదే ఉంచాం, వాళ్లిచ్చిన లక్షకి లెక్క అది. ఎన్నికల నెల కావడంతో ఫ్లెక్స్ షాపులన్నీ పార్టీల పనిలో మునిగి ఉండి, మా స్టిక్కర్లు మేలో గానీ చేతికి రాలేదు.

శ్రీపెరంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దగ్గరికి బస్సు తెల్లవారుజామున చేరింది. ముప్పై మందిలో పందొమ్మిది మంది చెప్పులతో వచ్చారు. పిట్ లేన్‌లోకి బూట్లు లేకపోతే రానివ్వరు. నేను ఆ మాట ముందే చెప్పాల్సింది. నాన్న ఆటో ఎక్కి ఊళ్లోకి వెళ్లి, షాపు తెరిపించి, సైజులు రాసుకున్న కాగితం చూసి కాన్వాస్ బూట్లు తెచ్చారు. అవి తొడుక్కుని వాళ్లు వరసగా గ్యారేజీలోకి వస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. తమ్ముడు చక్రం విప్పాడు. ఒక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, డిస్కుకి దూరంగా అరచేయి పెట్టి వేడి చూశారు. "ఒకపక్క ప్యాడ్ ఎక్కువ అరిగింది బాబూ, క్యాలిపర్ పిన్ను బిగుసుకుని ఉంటుంది, చూసుకో" అన్నారు. టీమ్ ఇంజనీర్ విప్పి చూస్తే నిజంగానే పిన్ను సరిగా కదలడం లేదు. శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. రేసుకి ముందు మా కారుకి జరిగిన మంచి పని అదే.

ఆ రోజు తమ్ముడు తొమ్మిదో స్థానం నుంచి మొదలుపెట్టి నాలుగో స్థానంలో ముగించాడు. కప్పు రాలేదు. కానీ చివరి మలుపులో బ్రేకు ఆలస్యంగా తొక్కి ఒక కారుని దాటినప్పుడు ముప్పై మందీ కంచె పట్టుకుని అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

ఆ జులైలో బీఎండబ్ల్యూ, నవంబర్‌లో టొయోటా కూడా ఫార్ములా వన్ వదిలేశాయి. ఆ వార్తలు చదివినప్పుడు బాధేసింది గానీ కడుపులో దడ మాత్రం పుట్టలేదు. డిసెంబర్‌లో ఆటోనగర్ నుంచి కొత్త క్యాలెండర్ వచ్చింది. అందులో కారు చిన్నగా వెనక ఉంది, ముందు వరసలో కాన్వాస్ బూట్లతో మేస్త్రీలు. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. "అమ్మా, గుంటూరు వాళ్లు కూడా వస్తామంటున్నారు. ఈసారి రెండు బస్సులు పెట్టాలి. తేదీలు ముందే చెప్పు."